ఒళ్లు సహకరించని రోజుల్లో చెక్క బొమ్మరిల్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. వేళ్లు, మణికట్లు ఏ రోజు ఎలా ఉంటాయో పొద్దున లేచేదాకా తెలియదు. ఆ చేతులతోనే చెక్క బొమ్మరిళ్లు కడతాను. కీళ్లవాతం, లూపస్, ఫైబ్రోమయాల్జియా, షుగర్, థైరాయిడ్ లాంటి ఏళ్ల తరబడి ఉండే జబ్బులతో బతుకుతున్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ ఇవే అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, వరసగా చదవక్కర్లేదు. మందుల గురించి రాసినవి సాధారణ జాగ్రత్తలు మాత్రమే. మీ విషయంలో మీ డాక్టర్ చెప్పిందే చేయండి.

## మొదలుపెట్టక ముందు

అక్కా, నేను పచ్చడి సీసా మూత కూడా తిప్పలేను. చెక్క పని నా వల్ల అవుతుందా?

అవుతుంది. చెక్క పని అనగానే రంపం, సుత్తి గుర్తొస్తాయి కానీ బొమ్మరింట్లో ఆ రెండింటి పని చాలా తక్కువ. పెద్ద కోతలు షాపులో కోయించుకోవచ్చు. మేకులు అసలు అక్కర్లేదు, ఫెవికాల్‌తోనే ఇల్లు నిలబడుతుంది. మిగిలేది కొలవడం, అతకడం, రుద్దడం, రంగు వేయడం. వీటికి బలం కంటే ఓపిక ఎక్కువ కావాలి. ఏళ్ల తరబడి జబ్బుతో ఉన్నవాళ్లకు ఓపిక ఒకరు నేర్పక్కర్లేదు.

ఒక్క నియమం మాత్రం ముందే పెట్టుకోండి: ఎక్కడ ఆపినా చెడిపోని విధంగా పనిని ముక్కలు చేసుకోవాలి. ఇల్లంతా ఒకేసారి నిలబెట్టాలనుకుంటే మధ్యలో వాపు వచ్చినప్పుడు గోడలు ఒకచోట, కప్పు ఇంకోచోట ఉండిపోతాయి. ఒక్కో గదిని విడి పెట్టెలా చేసుకుంటే ఏ గదికా గది పూర్తవుతుంది.

"ఇంటి పని చేయలేనంటావు, బొమ్మరిల్లు ఎలా కడుతున్నావు?" అంటున్నారు. ఏం చెప్పాలి?

నాకు వచ్చే ప్రశ్నల్లో అన్నిటికంటే బాధ పెట్టేది ఇదే. అత్తగారు అనొచ్చు, ఆడపడుచు అనొచ్చు, కన్నతల్లే అనొచ్చు. ఎవరూ అనకపోయినా మన మనసే అంటుంది.

వంట పనికి ఒక టైము ఉంది. పొయ్యి మీద పప్పు పెట్టాక వేళ్లు బిగుసుకుపోయాయని వదిలేయలేం. గంజి వార్చాలి, ఐదు లీటర్ల కుక్కర్ దించాలి, తడి దుప్పటి పిండాలి. బరువు ఎత్తడం, మెలితిప్పడం, గట్టిగా పట్టుకోవడం, కీళ్లకు పడని మూడు పనులూ అందులోనే ఉన్నాయి. పైగా ఈరోజు ఎంత చేసినా రేపు మళ్లీ మొదటికే వస్తుంది.

బొమ్మరిల్లు అలా కాదు. పది నిమిషాలు చేసి పడుకుంటే ఆ పది నిమిషాల పని అక్కడే ఉంటుంది. వారం తర్వాత వచ్చినా అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. కూర్చుని చేసేది, బరువు లేనిది, నా ఒళ్లు చెప్పినప్పుడు ఆగేది. ఇంటి పని చేయలేని మనిషి ఇది చేయగలగడంలో అబద్ధం ఏమీ లేదు. పని రకం వేరు.

అడిగినవాళ్లు మనవాళ్లయితే ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని చేసి చూపించండి. పావుగంటకే మీరు ఎలా ఆపేస్తారో చూస్తే వాళ్లకే అర్థమవుతుంది. చూడడానికి కూడా ఇష్టపడనివాళ్లకు జవాబు చెప్పి అలిసిపోకండి. ఉన్న కాస్త ఓపికనూ దానికి ఖర్చు చేయడం నాకు ఇష్టం లేదు.

డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాలా?

అడగండి. రుమటాలజిస్ట్ (కీళ్ల జబ్బుల డాక్టర్) దగ్గరికి వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు చాలు. చెక్క పొట్టు దుమ్ము నా ఊపిరితిత్తులకు పర్వాలేదా? ఏ వేళ్ల మీద బరువు పడకూడదు? పని చేసేటప్పుడు మణికట్టు కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్ వేసుకోవాలా? ఆక్యుపేషనల్ థెరపిస్ట్ అందుబాటులో ఉంటే ఇంకా మంచిది. చేతిని ఎలా వాడాలో నేర్పడమే వాళ్ల పని. మీరు వాడబోయే కట్టర్, బ్రష్ తీసుకెళ్లి చూపించండి, పట్టు ఎలా ఉండాలో చెబుతారు.

ఎంత సైజు ఇల్లు కట్టాలి?

ప్రపంచమంతా ఎక్కువగా వాడే కొలత 1:12. అంటే నిజం ఇంట్లో ఒక అడుగు, బొమ్మరింట్లో ఒక అంగుళం. పది అడుగుల గది పది అంగుళాలవుతుంది, ఆరున్నర అడుగుల తలుపు ఆరున్నర అంగుళాలు. లెక్క సులువు. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ డిజైన్ చేసిన లుట్యెన్స్, ఇంగ్లండ్ రాణి మేరీ కోసం 1924 నాటికి ఒక బొమ్మరిల్లు పూర్తి చేయించాడు. అదీ 1:12 కొలతలోనే. కరెంటు దీపాలు, కుళాయిలో నీళ్లు వచ్చే ఏర్పాటు ఉన్న ఆ ఇల్లు ఇప్పటికీ విండ్సర్ కోటలో ఉంది.

దీనిలో సగం సైజు 1:24. చోటు తక్కువ పడుతుంది, బరువు తక్కువ. కానీ కుర్చీ చేతులు, తలుపు గొళ్లేలు మరీ చిన్నవైపోతాయి. చివరి కణుపుల్లో నొప్పి ఉన్నవాళ్లకు చిన్న వస్తువుల్ని చిటికెతో పట్టుకోవడమే కష్టం. అందుకే వేళ్ల నొప్పి ఎక్కువగా ఉంటే 1:12, భుజాలు, నడుము నొప్పి ఎక్కువగా ఉంటే 1:24 అని చెబుతాను.

మా తాతగారి మండువా లోగిలి కట్టాలని ఉంది. మరీ పెద్ద ఆశేమో?

కాదు. ముక్కలుగా కట్టడానికి మండువా ఇంటిని మించింది లేదు. మూడు వరసలు, వరసకు మూడు పెట్టెలు అనుకోండి. నట్టనడిమి పెట్టె చేయకండి, ఆ ఖాళీయే మండువా. చుట్టూ ఎనిమిది పెట్టెలు: వీధి గుమ్మం, దానికి రెండు పక్కలా అరుగులున్న గదులు, వంటిల్లు, దేవుడి గది, పడకగది, ధాన్యం గది, పెరటి వసారా. మీ ఇంట్లో ఏది ఎక్కడ ఉండేదో అలా పెట్టుకోండి.

1:24 కొలతలో ఒక్కో పెట్టె ఆరంగుళాల చదరం. ఇల్లు మొత్తం పద్దెనిమిది అంగుళాల చదరంలో అయిపోతుంది. 4 మి.మీ. ప్లైవుడ్‌తో చేస్తే ఒక్కో పెట్టె పావు కిలో కూడా ఉండదు, ఒళ్లో పెట్టుకుని పని చేసుకోవచ్చు. పక్కపక్క పెట్టెల గోడలు రెండేసి వస్తాయని కంగారు పడకండి, పాత ఇళ్ల గోడలు ఎలాగూ మందమే. కింద ఒక పలక వేసి, అంచు చుట్టూ బీడింగ్ పట్టీ (సన్నటి చెక్క పట్టీ) అతికిస్తే పెట్టెలు కదలకుండా కూర్చుంటాయి. బిగించే పని లేదు. మండువాలోకి వాలే కప్పును నాలుగు విడి ముక్కలుగా చేసి పైన పెట్టండి.

కొలతల కోసం పాత ఫొటోలు సరిపోతాయి. ఫొటోలో గుమ్మం దగ్గర మనిషి నిలబడి ఉంటే, ఆ మనిషి ఎత్తుతో గుమ్మం ఎత్తు లెక్కేయొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. బియ్యం బస్తాలు ఎక్కడ పెట్టేవాళ్లో, దూలానికి ఏం వేలాడేదో వాళ్లు చెబుతుంటే రాసుకోండి. మంచం మీద నుంచే చేయగల పని ఇది, ఇల్లు కట్టడంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది కూడా.

రెడీమేడ్ కిట్ కొనుక్కుంటే తప్పా?

తప్పేముంది? ముక్కలు కోసి ఇచ్చిన కిట్‌తో రంపం పని తప్పుతుంది. అయితే ముక్కలు మరీ చిన్నగా ఉండేవి కొనకండి. పట్టకారు లేకుండా పట్టుకోలేని కిట్ నొప్పి చేతులకు శిక్షే.

## చెక్క, కోత

ఏ చెక్క కొనాలి?

గోడలకు, నేలకు 6 మి.మీ. ప్లైవుడ్. బరువు తగ్గాలంటే 4 మి.మీ. ఎనిమిది బై నాలుగు అడుగుల 6 మి.మీ. షీటు సుమారు 11 కిలోలు ఉంటుంది, కాబట్టి షీటును ఇంటికి తెచ్చుకునే ఆలోచనే వద్దు. షాపులోనే ముక్కలు చేయించండి. కోస్తా జిల్లాల్లో ఉండేవాళ్లు నీటికి తట్టుకునే రకం అడగండి.

కిటికీ చువ్వలు, గుమ్మాలు, దూలాల కోసం ఫర్నిచర్ వర్క్‌షాపుల్లో మిగిలిపోయే బీడింగ్ పట్టీలు, టేకు ముక్కలు అడగండి. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) నున్నగా ఉంటుంది, రంగు బాగా పడుతుంది. కానీ దాన్ని కోస్తే పిండిలా లేచే దుమ్ము ఊపిరికి మంచిది కాదు, అందులో ఫార్మాల్డిహైడ్ ఉన్న జిగురు ఉంటుంది. ఎండీఎఫ్ వాడితే బయట కోయించిన ముక్కలే వాడండి, ఇంట్లో కోయకండి.

ఉలితో ఏదైనా చెక్కాలని సరదా పడితే తెల్ల పొణికి ముక్క సంపాదించండి. కొండపల్లి బొమ్మలు చేసే చెక్క అది. తేలికగా, మెత్తగా ఉంటుంది. బలం లేని చేతికి కూడా లొంగుతుంది.

రంపం పట్టుకోలేను. ఎవరితో కోయించాలి?

కోసే మెషిన్ ఉన్న ప్లైవుడ్ షాపు, లేదా మాడ్యులర్ కిచెన్లు చేసే వర్క్‌షాపు. తిన్నటి కోతలన్నీ అక్కడ అయిపోతాయి. కిటికీ జాలీలు, మెట్ల పిట్టగోడ లాంటి సన్నపని లేజర్ కటింగ్ షాపుకి ఇవ్వండి. పెళ్లి గిఫ్టులు, నేమ్ బోర్డులు చేసే షాపులవాళ్లే ఇవీ కోసిపెడతారు. గ్రాఫ్ కాగితం మీద గీసి ఇచ్చినా కంప్యూటర్లో ఎక్కించే ఓపిక ఉన్నవాళ్లు ఉంటారు. లేజర్ కోసిన అంచుకు మసి ఉంటుంది, తడి గుడ్డతో తుడిచాకే రంగు వేయండి.

తెలిసిన వడ్రంగి ఉంటే ఆయనకే ఇవ్వండి. "బొమ్మల కోసమేగా" అని ఉజ్జాయింపుగా కోసే ప్రమాదం ఉంది. ఒక మిల్లీమీటర్ తేడా వచ్చినా పెట్టె వంకర పోతుందని ముందే చెప్పి, పనికి తగ్గ డబ్బు ఇవ్వండి.

షాపుకి ఏ కొలతలు రాసి ఇవ్వాలి?

ముందు వైపు తెరిచి ఉండే ఒక్క గది, 1:12 కొలతలో, 6 మి.మీ. ప్లైవుడ్‌తో ఇలా రాసివ్వండి. నేల 305 బై 254 మి.మీ., కప్పు కూడా అంతే. పక్క గోడలు రెండు, ఒక్కోటి 254 బై 254. వెనక గోడ 293 బై 254. పక్క గోడలు నేల మీద నిలబడతాయి, వెనక గోడ వాటి మధ్యలో దూరుతుంది. అందుకే వెనక గోడ వెడల్పులో రెండు పక్క గోడల మందం, 12 మి.మీ., తగ్గింది.

ఒక్కో గదికి నాలుగు చదరపు అడుగుల లోపే పడుతుంది, బరువు సుమారు కిలో మూడు వందల గ్రాములు. 32 చదరపు అడుగుల షీటులో కనీసం ఐదు గదులు వచ్చి ఇంకా ముక్కలు మిగులుతాయి. మిగిలినవి కూడా అడిగి తెచ్చుకోండి. తలుపులు, మెట్లు, అరుగులు వాటిలోంచే వస్తాయి.

పొట్టు దుమ్ముతో ప్రమాదం ఉందా?

ఉంది. రుమటాయిడ్ జబ్బు కొంతమందిలో ఊపిరితిత్తుల్ని కూడా పట్టుకుంటుంది. ఆ జబ్బుకు వాడే మెథోట్రెక్సేట్ అనే మందు వల్ల కూడా అరుదుగా ఊపిరితిత్తుల్లో వాపు రావచ్చు. కాబట్టి చెక్క రుద్దేటప్పుడు ఎన్95 మాస్క్ ముక్కుకు బిగుతుగా పెట్టుకోండి, గుడ్డ మాస్క్ చాలదు. బాల్కనీలోనో పెరట్లోనో చేయండి. అయ్యాక చీపురుతో ఊడవకండి, దుమ్ము మళ్లీ లేస్తుంది. తడి గుడ్డతో తుడవండి. కళ్లు పొడిబారే సమస్య ఉంటే కళ్లద్దాలు కూడా తప్పనిసరి. కొత్తగా పొడి దగ్గు మొదలైనా, ఆయాసం వచ్చినా దుమ్ము వల్లేలే అని ఊరుకోకుండా డాక్టర్‌కి చూపించండి.

చేతికి శ్రమ తగ్గించే పనిముట్లు ఏవి?

కొత్తవి కొనేముందు ఉన్నవాటి పిడి లావు చేయండి. ఏసీ రాగి పైపులకు తొడిగే నల్ల ఫోమ్ గొట్టం ఉంటుంది కదా, ఏసీ మెకానిక్‌ని అడిగితే ముక్కలు ఇస్తాడు. కట్టర్‌కి, బ్రష్‌కి, స్క్రూడ్రైవర్‌కి అది తొడిగితే వేళ్లు పూర్తిగా ముడవక్కర్లేకుండా పట్టు దొరుకుతుంది. ఖర్చు లేని ఈ ఒక్క మార్పే నా పని నిలబెట్టింది.

స్టీలు స్కేలును రెండు క్లిప్పులతో బల్లకు బిగించేయండి, ఎడమ చేత్తో అదిమిపట్టే పని ఉండదు. కట్టర్‌ని ఒకేసారి గట్టిగా లాగకుండా పది సార్లు తేలిగ్గా గీయండి. కేకులకు క్రీమ్ పూసేటప్పుడు వాడే తిరిగే స్టాండ్ మీద గదిని పెట్టుకుంటే, భుజం చాచకుండా గదే మీ వైపు తిరుగుతుంది. బల్ల మోచేతి ఎత్తులో ఉండాలి.

చెక్క రుద్దడానికి కరెంటుతో నడిచే సాండర్ మాత్రం వద్దంటాను. పని త్వరగా అవుతుంది కానీ ఆ అదురు కీళ్లలోకి దిగుతుంది.

## అతకడం, రుద్దడం, ఆగడం

క్లాంపులు తిప్పి బిగించలేను. గోడలు ఎలా నిలబెట్టాలి?

మాస్కింగ్ టేపుతో. పక్క గోడ, వెనక గోడ, రెండో పక్క గోడ, మూడింటినీ బల్ల మీద బోర్లా, మధ్యలో గోడ మందమంత సందు వదిలి వరసగా పరిచి, సందుల మీదుగా టేపు అంటించండి. తిప్పితే టేపు బయటి వైపు, అంటే కింద ఉంటుంది. వెనక గోడ రెండు పక్క అంచులకూ ఫెవికాల్ సన్నగా రాసి పుస్తకం మూసినట్టు పక్క గోడల్ని పైకి మడవండి. పక్క గోడ లోపలి వైపు వెనక గోడ అంచు ఆనిందో లేదో చూసుకోండి. మూల సరిగ్గా రావడానికి ఇంటి నేలకు వేసి మిగిలిన టైలు ముక్క చాలు, టైలు మూల తొంభై డిగ్రీలే. దానికి ఆనించి నిలబెట్టండి. నేల, కప్పు అతికాక పైన కిలో కందిపప్పు ప్యాకెట్లు బరువుగా పెట్టి రాత్రంతా వదిలేయండి.

వడ్రంగులు సైకిల్ ట్యూబు ముక్కలు లాగి కడతారు. గట్టి పట్టే, కానీ ఆ లాగుడు మణికట్టుకు పడదు. వెల్‌క్రో పట్టీలు వాడండి.

సాండ్ పేపర్ రుద్దితే బొటనవేలు వాచిపోతోంది. ఏం చేయాలి?

కాగితాన్ని వేళ్లతో పట్టుకుని రుద్దుతున్నారన్నమాట. తిరగేయండి: సాండ్ పేపర్‌ని బల్లకు టేపుతో అంటించి, చెక్క ముక్కను దాని మీద రెండు అరచేతులతో నెట్టండి. బలం భుజం నుంచి రావాలి, వేళ్లు చాచే ఉండాలి. గది లోపలి గోడలు అతికించాక రుద్దడం కష్టం, ముక్కలుగా ఉన్నప్పుడే రుద్దేయండి. 120 నంబరుతో మొదలుపెట్టి 220తో ఆపితే రంగుకు చాలు.

రోజుకి ఎంతసేపు చేయాలి? బాగున్న రోజు ఎక్కువ చేసేస్తే?

ఎక్కువ చేసేయకండి. మనల్ని మంచాన పడేసేది బాగోలేని రోజు కాదు, బాగున్న రోజే. నొప్పి లేదు కదా అని నాలుగు గంటలు కూర్చుంటే తర్వాత నాలుగు రోజులు పోతాయి. ఫోనులో టైమర్ పెట్టుకోండి. పదిహేను, ఇరవై నిమిషాలకు మోగాలి. అలిసిపోయినా అలిసిపోకపోయినా లేవాలి. అలసట తెలిసే సరికే ఆలస్యమైపోతుంది.

పొద్దున్న బిగుతు ఉండేవాళ్లు బరువైన పని మధ్యాహ్నానికి పెట్టుకోండి. మొదలుపెట్టే ముందు గోరువెచ్చని నీళ్లలో చేతులు కాసేపు ఉంచితే వేళ్లు కదులుతాయి. వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ వేసుకునేవాళ్లలో కొందరికి మర్నాడు వికారం, నీరసం ఉంటాయి. ఆ రోజుకి పనేమీ పెట్టుకోకండి, కాగితం మీద గీతలు గీసుకోండి చాలు.

మధ్యలో ఆపితే ఏం చేస్తున్నానో మర్చిపోతున్నాను. ఉపాయం ఉందా?

జబ్బు అలసటతో తల మబ్బుగా ఉండడం చాలామందికి ఉన్నదే, దానికి సిగ్గు పడక్కర్లేదు. పనికో స్టీలు పళ్లెం పెట్టండి. కిటికీ పని ఒక పళ్లెం: నాలుగు చువ్వలు, చట్రం, చిన్న ఫెవికాల్ సీసా, పుల్ల, తుడిచే గుడ్డ. అన్నీ అందులోనే. లేచే ముందు ఒక చీటీ రాసి అందులో వేయండి: "ఎడమ చువ్వ అతికింది, కుడిది అతకాలి." ఓపికున్న రోజు రెండు మూడు పళ్లాలు సర్ది ఉంచితే, ఓపిక లేని రోజు వెతుకులాట లేకుండా ఒకటి ఒళ్లోకి తీసుకోవచ్చు.

నొప్పి మాత్ర వేసుకుని ఈ గది పూర్తి చేసేయొచ్చా?

వద్దు. నొప్పి తెలియకుండా పోతే కీలు మీద ఎంత భారం పడుతోందో కూడా తెలియదు. అదీగాక నొప్పి మాత్రలు ఎక్కువైతే కడుపుకు, కిడ్నీలకు చేటు. స్టెరాయిడ్, మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. డాక్టర్ చెప్పిన మోతాదు చెప్పిన టైముకే వేసుకోండి. గది రేపటికి ఆగుతుంది.

కట్టర్‌తో చెయ్యి తెగింది. చిన్న గాయమే, పట్టించుకోవాలా?

రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతుంటే చిన్న గాయం కూడా చిన్నది కాదు. పారే నీటి కింద సబ్బుతో కడిగి, శుభ్రమైన కట్టు కట్టండి. రెండు మూడు రోజులు గమనించండి. ఎర్రబడడం, వేడి, వాపు, చీము, జ్వరం, ఏది కనిపించినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. షుగర్ వల్ల వేళ్లకు తిమ్మిరి ఉన్నవాళ్లు పని అయ్యాక చేతులు వెలుతురులో తిప్పి చూసుకోవాలి, తెగినా తెలియకపోవచ్చు. వాళ్లకు వేడి గ్లూ గన్ అసలు వద్దు.

జబ్బు తిరగబెట్టి నెలల తరబడి పక్కన పెట్టేశాను. ఇక మళ్లీ మొదలుపెట్టగలనా?

చెక్కకు తొందర లేదు. పాత నూలు చీర కప్పి, గోడకు ఆనకుండా, నేల మీద కాకుండా అలమర మీద పెట్టి ఉంటే ఏమీ కాదు. మళ్లీ కూర్చున్నప్పుడు ఆపిన చోట నుంచి మొదలుపెట్టకండి. ముందు ఒక తేలిక పని చేయండి, ఒక తలుపుకు రంగు వేయడమో, ఒక పీట అతకడమో. ఎండిపోయిన రంగులు, గట్టిపడిన ఫెవికాల్ పారేసి కొత్తవి తెచ్చుకోండి, వాటిని నీళ్లు పోసి బతికించే ప్రయత్నం వద్దు.

## రంగులు, లైట్లు, సామాను

పెయింట్ వాసనకి తలనొప్పి, వికారం వస్తున్నాయి. వాసన లేనివి ఉన్నాయా?

థిన్నర్ కలిపే ఎనామిల్, లాకర్ వదిలేయండి. నీళ్లతో కలిపే ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత), అక్రిలిక్ రంగులు చాలు. పాత ఇంటి ఎర్ర గచ్చు నేల రావాలంటే ఎర్ర ఆక్సైడ్ రంగు అక్రిలిక్ రెండు పూతలు వేసి, ఆరాక మెత్తటి గుడ్డతో మైనం రుద్దండి. నిజం గచ్చు మెరుపే వస్తుంది.

వానాకాలంలో గోడ వంగిపోయింది. ఎందుకు?

ఒక వైపే రంగు వేసి ఉంటారు. రంగు లేని వైపు తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, గోడ విల్లులా తిరుగుతుంది. రెండో వైపు కూడా ప్రైమర్ వేసి, బరువు కింద పెట్టి ఉంచండి. మరీ ఎక్కువ వంగకపోతే సర్దుకుంటుంది. ముసురు రోజుల్లో ఫెవికాల్ ఆరడం కూడా ఆలస్యమవుతుంది. ఒక రాత్రి చాలదు, ఇంకో రోజు వదిలేయండి.

చెయ్యి వణుకుతుంది. గడప బొట్లు, ముగ్గు ఎలా వేయాలి?

బ్రష్ వద్దు. పసుపు రంగు వేసి ఆరిన గడప మీద గుండుసూది తలను నిలువుగా ఆనించండి, అంతే. తలను ఎర్ర రంగులో ముంచి ఒకసారి ఆనిస్తే ఒక గుండ్రటి కుంకుమ బొట్టు పడుతుంది. గీయడం లేదు కాబట్టి వణుకు కనిపించదు. సూదిని పెన్సిల్ వెనక రబ్బరులో గుచ్చితే పట్టుకోవడం సులువు. మూడంగుళాల గడపకు ఐదు బొట్లు, రెండు చివర్లా కాస్త చోటు వదిలితే అందంగా ఉంటుంది. బొట్టుకో బొట్టుకీ మధ్య చెయ్యి దించి విశ్రాంతి ఇవ్వండి.

ముగ్గుకు తెల్ల జెల్ పెన్ను వాడండి. మణికట్టు కింద పుస్తకం పెట్టుకోండి. ముందు చుక్కలన్నీ పెట్టేసి, మర్నాడు కలిపినా ఫర్వాలేదు.

పెంకులు ఒక్కోటీ చేయాలా? వందల్లో ఉంటాయే!

అక్కర్లేదు. అట్టపెట్టెల లోపల గీతలు గీతలుగా ఉండే కాగితం ఉంటుంది. పై పొర తడిపి ఒలిస్తే అది బయటపడుతుంది. దాన్ని వరసలుగా కత్తిరించి, కింది నుంచి పైకి ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా అతికిస్తే నాటు పెంకుల కప్పులా కనిపిస్తుంది. మట్టి రంగు వేసి, అక్కడక్కడా నల్లగా తట్టండి. బంకమట్టి పిసికి పెంకులు చేసే పద్ధతీ ఉంది కానీ ఆ పిసకడం వాచిన వేళ్లకు పనికిరాదు.

లైట్లు పెట్టడం కష్టమా?

సోల్డరింగ్ (లోహం కరిగించి వైర్లు అతకడం) చేయాలనుకుంటే కష్టం. వైర్లు ముందే అంటించి అమ్మే 5 వోల్టుల యూఎస్‌బీ ఎల్ఈడీలు కొంటే సులువు. మొబైల్ చార్జర్‌తో వెలుగుతాయి. రంగు వేయకముందే వెనక గోడకు వైరు రంధ్రం పెట్టించుకోవడం మర్చిపోకండి. పసుపు వెలుగు తీసుకోండి, తెల్లటిది పెడితే ఇల్లు షాపులా ఉంటుంది.

కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్కపిడతలు సరిపోతాయా?

స్కేలు పట్టుకుని వెళ్లి కొలిచి కొనండి. 1:12 ఇంట్లో ఐదున్నర అడుగుల మనిషి ఐదున్నర అంగుళాలు ఉండాలి. ఆ ఎత్తు కొండపల్లి బొమ్మలు దొరికితే అంతకంటే అందమైన కుటుంబం మీ ఇంటికి రాదు. లక్కపిడతల సెట్లలో బిందె, తిరగలి, రోలు తరచూ ఇంటికి మించిన సైజులో ఉంటాయి. అందులో బాగా చిన్నవే ఏరుకోండి, పెద్దవి పెరట్లో గాబుల్లా, గోలేల్లా వాడొచ్చు. అంకుడు కర్ర మీద లక్క మెరుపు పక్కన ప్లాస్టిక్ గిన్నెలు నిలవవు.

## పూర్తయ్యాక

సంక్రాంతి కొలువుకి పూర్తి చేయాలనుకుంటున్నాను. అవుతుందా?

పండగను గడువుగా పెట్టుకోకండి. పండగ ముందు ఇంట్లో పని ఎలాగూ ఎక్కువ, దానికి ఇది కూడా తోడైతే భోగి నాటికి మంచం ఎక్కుతారు. విడి గదులుగా కడుతున్నారు కాబట్టి ఏ గది పూర్తయితే అదే మెట్టు మీద పెట్టండి. వంటిల్లు ఒక్కటే ఉన్నా కొలువుకు నిండుగా ఉంటుంది. వచ్చే ఏడాది దేవుడి గది చేరుతుంది.

చిన్నపిల్లలకు ఇవ్వొచ్చా?

మూడేళ్ల లోపు పిల్లల చేతికి వద్దు. చిన్న ముక్కలు నోట్లో పెట్టుకుంటారు. బటన్ బ్యాటరీ ఉన్న లైట్లు ఏ వయసు పిల్లలున్న ఇంట్లోనూ వాడకండి. మింగితే గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది. అలాంటి అనుమానం వస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పెద్ద పిల్లలకు తప్పకుండా ఇవ్వండి. తలుపు ఊడితే మళ్లీ అతికిద్దాం.

కింద పిండిలా రాలుతోంది. పురుగా?

పుచ్చు పురుగు అయి ఉండొచ్చు. గుండుసూదంత రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ గదిని మిగతావాటి నుంచి వేరు చేసి పెట్టండి. మందు కొట్టే పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించి, వాసన పోయేదాకా ఆ గదిలోకి వెళ్లకండి. చెదలైతే మట్టి గీతలు కనిపిస్తాయి. అప్పుడు బొమ్మరిల్లు కంటే ముందు అసలు ఇంటిని చూపించుకోవాలి.

దుమ్ము ఎలా దులపాలి? చేతులు లోపలికి పట్టవు, భుజం ఎత్తలేను.

ముందు వైపు పలచటి అక్రిలిక్ షీటు పెట్టించండి, సగం దుమ్ము రాదు. షీటు జారేలా పైనా కిందా బీడింగ్ పట్టీతో గాడి చేస్తే అరచేత్తో పక్కకు నెట్టొచ్చు, పట్టి లాగక్కర్లేదు. లోపలికి మెత్తటి మేకప్ బ్రష్ తీసుకుని, దాని పిడికి ఫోమ్ గొట్టం తొడగండి. గదులు విడివిడిగా వస్తాయి కదా, ఒక్కోటీ ఒళ్లోకి తెచ్చుకుని దులపండి. ఒక రోజుకి ఒక్క గది చాలు.